శ్రావణి గదిలో వాసన

2024 వానాకాలం. సూర్యాపేటలో నాకు చిన్న ఆఫీసు ఉంది. కొత్త ఇళ్లలో చెమ్మ, పగుళ్లు, లీకులు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతికి చెప్పడం నా పని. ఆ ఉదయం కోదాడ దాటి చిలుకూరు వైపు వెళ్తుంటే పొలాల మీద పొగలాంటి తుంపర. నాట్లు పడిన మళ్లలో ఆకాశం తలకిందులుగా నిలబడి ఉంది. వెంకన్న గారి ఇల్లు ఆ నీళ్ల మధ్య, లేత పసుపు రంగులో, ఇంకా నిద్ర లేవనట్టు కనిపించింది.

గృహప్రవేశమై ఐదు నెలలు. వెనక పడకగదిలో మాత్రం ముక్కు మండించే మందు వాసన. ఆ గది వాళ్ల కూతురు శ్రావణి కోసం. ఆమెకు తొలి కాన్పు, ఎనిమిదో నెల. మిర్యాలగూడలో అత్తగారింట్లో ఉంది.

“వాసన పోకుంటే కాన్పు అక్కడనే చేపిస్తమంటున్నరు సారూ,” అంది తల్లి సుగుణమ్మ. “తొలి బిడ్డను నా చేతుల మీదికి తీసుకోవద్దా నేను?”

పెయింటే కారణమని వాళ్లు అప్పటికే రెండుసార్లు రంగు మార్చారు. నేను ఒక్కో కారణాన్నే కొట్టేస్తూ వచ్చాను. ప్లైవుడ్ జిగురు అనుకుందామంటే బీరువాను వరండాలోకి మార్చినా వాసన తగ్గలేదు. బాత్‌రూం ట్రాప్‌లో, అంటే మురుగు వాసనను ఆపే వంపు గొట్టంలో, నీళ్లు నిండుగానే ఉన్నాయి. గోడలో తడిని కొలిచే మాయిశ్చర్ మీటర్ అంతా పొడి అంది.

“బండలు వేయకముందు ఈ గదిలో ఏం పెట్టారండీ?”

“ఏం లేవు. సిమెంటు బస్తాలు,” అన్నాడు వెంకన్న కిటికీ బయటికి చూస్తూ.

ఇంకేం తోచక నేలను తడిగుడ్డతో తుడిపించి, తలుపూ కిటికీలూ మూసి, ఒక్కణ్ణే కూర్చున్నాను. తెర వెనక వెలుతురు పాలలా ఉంది. ఎక్కడో ట్రాక్టరు చప్పుడు, నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కళ్లు చెమర్చాయి. వాసన గోడల నుంచి కాదు, పాదాల దగ్గరనుంచి లేస్తోంది. ఎర్ర లిట్మస్ కాగితం తడిపి, బండల సందుకు తాకకుండా, వేలెడు ఎత్తులో పట్టుకున్నాను. క్షార వాయువు తగిలితే అది నీలమవుతుంది. అంచునుంచి నీలం మెల్లగా పాకింది. అమ్మోనియా.

కాగితం వెంకన్నకు చూపించి, “సిమెంటుకు ఈ వాసన రాదండీ,” అన్నాను.

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. సుగుణమ్మే అంది: “చెప్పరాదా? బిడ్డ కంటే ఎక్కువనా నీ పరువు?”

“యూరియా సారూ,” అన్నాడు చివరికి. “పన్నెండు బస్తాలు. పోయినేడు దొరుకుతదో లేదో అని తెచ్చి గీడ మట్టి మీదనే పేర్చిన. అప్పటికి కిటికీలు పెట్టలే. జల్లు కొట్టి సగం కరిగింది. మా అన్న ఒక్క బస్తా అడిగితే లేదని చెప్పిన. ఇప్పుడు చెప్తే ఆయన చెవిన పడ్తది గద.”

కరిగిన యూరియా నేల కింది మట్టిలో ఇంకింది. తడి తగిలినప్పుడల్లా ఆ మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తున్నాయి. ఆ వాయువు బండల సందుల్లోంచి పైకొస్తోంది. బండలు తీసి, కింది ఫిల్లింగ్, అంటే నేల ఎత్తు చేయడానికి పోసిన మట్టి, మొత్తం మార్చాలన్నాను.

తవ్వుడు మొదలైన రోజు అన్న రాములు పక్క పొలంనుంచి వచ్చాడు. వెంకన్న పలుగు కింద పెట్టి, తనే అంతా చెప్పాడు. రాములు పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు.

“పోయినేడు నా మడికి పచ్చకామెర్లు అయినట్టుండె,” అన్నాడు. “నువ్వేమో బండలకు ఎరువేసినవ్.” తర్వాత తువ్వాల తలకు చుట్టుకున్నాడు. “గా తట్ట ఇటియ్యి. ఎనిమిదో నెలంటే ఇంకెన్ని దినాలున్నయ్‌రా?”

కొత్త మొరం మట్టి పోసి, ఆరబెట్టి, బండలు వేయడానికి మూడు వారాలు పట్టింది. ఈసారి లిట్మస్ ఎర్రగానే ఉండిపోయింది. ఆ మర్నాడే శ్రావణి వచ్చింది.

వాసన ఎక్కడుందో నా పరికరాలు చెప్పగలవు. అది ఎలా వచ్చిందో ఇంట్లో ఎవరికో ఒకరికి ముందే తెలిసి ఉంటుంది, కాని చెప్పడానికి వాళ్లకు కొంత సమయం కావాలి. అప్పటినుంచి మొదటిరోజు విన్న జవాబులన్నీ పెన్సిల్‌తోనే రాసుకుంటున్నాను.