చిన్నాయన తెచ్చిన వాల్వు

నా చిన్నప్పుడు తిరుత్తణిలో మా అవ్వ ఇంటి పెరట్లో ఒక రాగి బాయిలర్ ఉండేది. నడిమి గొట్టంలో బొగ్గులు వేసి రాజేస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగేవి. కింది కుళాయి తిప్పి చెంబుతో పట్టుకునేవాళ్ళం. మాది అత్తిమంజేరిపేట. బడి చదువు కోసం నన్ను అవ్వ దగ్గర ఉంచారు. ఎనిమిదేళ్ళ వయసుకే నాకు కొలతలంటే పిచ్చి. అందుకే అవ్వ కొలత నాకు ఎంతో నచ్చేది: కుళాయి నీళ్ళు ఒక చెంబు, బావి నీళ్ళు ఒక చెంబు. సగానికి సగం. ఆ నీళ్ళు ఏనాడూ ఎవరినీ చురుక్కుమనిపించలేదు.

ఆ కొలత ఎందుకు నిలిచిందో ఆలోచించే వయసు కాదు నాది. మామూలు రోజుల్లో బొగ్గులు ఒక్కసారే వేసేవాళ్ళం. అవి ఆరిపోయాకే స్నానాలు మొదలయ్యేవి. నీళ్ళు ఎప్పుడూ దాదాపు ఒకే వేడిమీద ఉండేవి కాబట్టి కొలత సరిపోయేది.

కొండమీది స్వామికి ఆడి కృత్తిక పండుగ వచ్చింది. కావడి ఎత్తేవాళ్ళతో, కొండెక్కేముందు స్నానానికి వచ్చిన చుట్టాలతో పెరడంతా నిండిపోయింది. ఎవరికి వారు బొగ్గులు ఎగదోస్తూనే ఉన్నారు. ఎన్నో మొక్కుల తర్వాత పుట్టిన పది నెలల బిడ్డకు తలనీలాలు ఇప్పించాలని మా చిన్నమ్మ తిరువళ్ళూరు నుంచి వచ్చింది. అవ్వ పీట మీద కూర్చుని, కాళ్ళు చాచి, బిడ్డను బోర్లా పడుకోబెట్టుకుంది. సగానికి సగం కలిపింది. నీళ్ళలో వేళ్ళు ముంచి చూసింది కూడా. కానీ అవి ఏళ్ళ తరబడి మసిగుడ్డ లేకుండా పొయ్యి మీది గిన్నెలు దించిన వేళ్ళు. వాటికి ఏం తెలుస్తుంది?

మొదటి చెంబుకే బిడ్డ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వీపు కందిపోయి, మేము చూస్తుండగానే చర్మం పొంగింది. ఎవరో ఇంకు సీసా తెచ్చారు. ఇంకెవరో ఇడ్లీ పిండి పూయమన్నారు. పక్కింటి అక్క ఆ సీసా లాగేసింది. "ఇంకూ వద్దు, పిండీ వద్దు! బావి నీళ్ళే పోస్తా ఉండండి, ఆపొద్దండి!" అంది. తరువాత శుభ్రమైన పంచె చుట్టి, అందరం ఆసుపత్రికి పరుగెత్తాం. వెనక నుంచి ఒకావిడ అన్న మాట మాత్రం అందరికీ వినపడింది: "అన్ని మొక్కులు మొక్కి కన్న బిడ్డని ఈ ముసిలిదాని చేతికా ఇచ్చేది?"

జ్వరం రాకుంటే బతుకుతాడు, వస్తే చెప్పలేం అన్నాడు డాక్టరు. సాయంత్రానికి జ్వరం వచ్చింది. చిన్నమ్మ ఏడవడం కూడా మానేసి, మంచం కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది. అవ్వ లోపలికి రాలేదు. వరండా మూలలో గోడకు ఆనుకుని, చీర కాళ్ళ మీదికి గట్టిగా లాక్కుని కూర్చుంది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. నాకు కూడా దగ్గరికి పోవాలంటే భయమేసింది.

బిడ్డ తండ్రి, మా చిన్నాయన, తిరువళ్ళూరు దగ్గర పాల కేంద్రంలో మిషన్లు చూసుకునేవాడు. కబురందుకుని రైల్లో వచ్చాడు. బిడ్డను చూశాడు. తరువాత "అత్త యాడుంది?" అన్నాడు. అవ్వను ఏమంటాడోనని నేనూ వెంట పోయాను.

వరండాలో ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. కాళ్ళ మీది చీర అంచు మెల్లగా పక్కకు తీశాడు. బిడ్డ మీద పడిన నీళ్ళే ఆమె కాళ్ళ మీదా పడ్డాయన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. మోకాళ్ళ కింద బొబ్బలు చితికి, చీరకు అంటుకుపోయి ఉన్నాయి. ఆమె పొద్దుటి నుంచీ అలాగే కూర్చుంది.

"సిస్టర్! ఈమె కాళ్ళు ఎవురూ చూడలేదా?" అని కేక పెట్టాడు చిన్నాయన.

"నాకెందుకు నాయనా, నన్ను చావనీ" అంది అవ్వ. ఆ రోజంతా ఆమె నోట వచ్చిన మాట అదొక్కటే.

బిడ్డ బతికాడు. జ్వరం తగ్గేదాకా మేము బతికిన బతుకు ఏ కొలతకూ అందదు. ఇంటికొచ్చాక కూడా అవ్వ బిడ్డను ముట్టుకోలేదు. ఎవరైనా చేతికివ్వబోతే లేచి పెరట్లోకి పోయేది.

కొన్నాళ్ళకు చిన్నాయన, పాల కేంద్రంలో పక్కన పడేసిన ఒక పాత వాల్వును అడిగి తెచ్చుకుని బాగుచేశాడు. బాయిలర్ పక్కనే, అదే ఎత్తులో, చన్నీళ్ళ డ్రమ్ము పెట్టించాడు. రెండు గొట్టాలూ వాల్వులోకి పోయి ఒక్క కుళాయిగా బయటికి వస్తాయి. లోపల మైనం ముద్ద ఉంటుందని, వేడి మించితే అది ఉబ్బి వేడినీళ్ళ దారి మూస్తుందని నాకు చెప్పాడు. అప్పుడు అర్థమైంది నాకు. సగానికి సగమన్నది నీళ్ళు ఎంత కాగాయో చూడని కొలత. ఈ వాల్వు మాత్రం వేడిని బట్టి పాళ్ళు మార్చుకుంటుంది.

అందరి ముందూ చన్నీళ్ళ డ్రమ్ము ఖాళీ చేసి కుళాయి తిప్పాడు. కాసిని నీళ్ళు కారి ఆగిపోయాయి.

"ఏంది నాయనా, నిలిచిపోయినాయే?" అంది అవ్వ, తనకు తెలియకుండానే దగ్గరికొచ్చి.

"నిలిచిపోవాలనే గదత్తా ఈ పాట్లన్నీ! చన్నీళ్ళు లేకుంటే ఇది వేడినీళ్ళు ఇయ్యదు. మనం మరిచినా ఇది మరవదు. నీ అల్లుడికన్నా మేలు."

డ్రమ్ము మళ్ళీ నింపి, కుళాయి కింద మోచెయ్యి పెట్టి చూసి, పీట వేశాడు. బిడ్డను తెచ్చి అవ్వ ఒళ్ళో పెట్టాడు. ఆమె వద్దంటూ తల ఊపుతుంటే, "పొయ్యత్తా. ఈ ఇంట్లో బిడ్డకి నీళ్ళు పోసేది నువ్వే" అన్నాడు. ఆమె చెంబు నింపి, మెల్లగా పోసింది. బిడ్డ ఏడవలేదు. ఏడ్చింది ఆమే.

తరువాత నా చదువు ఆగిపోయినా, లెక్కలు నాకు నేనే నేర్చుకుని దాంతోనే బతికాను. నా దగ్గర పనిచేసినవాళ్ళ లెక్కల్లో తప్పు దొరికినప్పుడల్లా ముందు కోపం వచ్చేది. వెంటనే చిన్నాయన ఆ చీర అంచు తీయడం కళ్ళ ముందు కదిలేది. ముందు ఆ మనిషికి ఏమైందో చూసేవాణ్ణి. తరువాత, ఆ తప్పు మళ్ళీ దూరే దారి ఎక్కడుందో వెతికి మూసేవాణ్ణి. పని మాత్రం మళ్ళీ ఆ మనిషికే ఇచ్చేవాణ్ణి.