మిలాను ధ్వజశకటానికి ఎడ్లు తోలినవాడు

మిలాను నగరంలో తిచినో ద్వారం పక్కన ఎడ్ల సాల నడిపిన అరియాల్డోకు ఊరు పెట్టిన పేరు 'వంగుడు'. నడుము వంగి వచ్చిన పేరు కాదది. యాభైకి చేరువైనా మనిషి దేవాలయ స్తంభంలా నిటారుగా ఉండేవాడు. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే తల తిప్పేవాడు కాడు, పలికేవాడు కాడు.

పద్నాలుగేళ్ల కిందట జర్మను చక్రవర్తి ముట్టడికి నగరం ఆకలితో లొంగిపోయినప్పుడు, ధ్వజశకటాన్ని తోలుకొని అతడు కొలువున్న లోదీ పట్టణానికి వెళ్లింది అరియాల్డోనే. ఎర్రరంగు పూసిన ఆ బండి మీద బలిపీఠం, మార్టినెల్లా అనే గంట, నడుమ ఓడ తెరచాప కొయ్యంత పొడవైన ధ్వజం, దాని కొనన శిలువ ఉండేవి. నగరం యుద్ధానికి కదిలితే ఆ బండే ముందు కదలాలి. ఆనాడు సింహాసనం ఎదుట ఆ ధ్వజాన్ని తాళ్లతో నేల దాకా వంచారు. శిలువ దుమ్ములో పొర్లుతుంటే ఎడ్లు బెదరకుండా పట్టుకొని నిలబడడం అరియాల్డో వంతు. పట్టుకొన్నాడు. 'వంగుడు' అన్న పేరు ఆనాటినుంచే. ఆ పైన ప్రాకారాలు కూల్చారు, ఇళ్లు కాల్చారు, జనాన్ని పల్లెలకు చెదరగొట్టారు. అయిదేళ్లకు లొంబార్దీ నగరాలన్నీ ఒక్క ప్రమాణం మీద కూడి ఆ జనాన్ని తిరిగి తెచ్చి నిలబెట్టాయి. మిలాను మళ్లీ గోడలు కట్టుకొంది, మళ్లీ శకటం చేయించుకొంది. దానికి ఎడ్లు కట్టడానికి అరియాల్డో తప్ప మరొకడు దొరకలేదు.

దొరకకపోవడానికి కారణం అతని శిక్షణ. కొన్న ఎద్దును ఏడాదిపాటు కాడి కిందికి రానిచ్చేవాడు కాడు. గాడి మీద గంట కట్టి, అది మోగినప్పుడు పడుకొంటేనే మేత వేసేవాడు. ఏడాది తిరిగేసరికి గంట విన్న ఎద్దు, ఎక్కడున్నా సరే, కాళ్లు మడిచి నెమరుకు సిద్ధమయ్యేది.

అయితే అతనిలో ఒక లోపం ఉండేది. శకటం కొత్త ద్వారం దాటేటప్పుడు తోరణానికి తగలకుండా ధ్వజాన్ని వంచి, అవతల మళ్లీ ఎత్తాలి. ఆ క్షణాన అరియాల్డో ముఖం పక్కకు తిప్పుకొనేవాడు. తాడు ఎవరి చేతికైనా ఇచ్చేవాడు గాని తాను ముట్టేవాడు కాడు.

మే నెల చివర చక్రవర్తి సేన ఉత్తరం నుంచి దిగుతోందని విని నగరం కదిలిన ఉదయం కూడా అంతే జరిగింది. ఈటె భుజాన వేసుకొని, రొట్టెల సంచి వేలాడేసుకొని వచ్చిన బావమరిది లాన్‌ఫ్రాంకో అది చూసి నవ్వాడు. రొట్టెలు కాల్చి బతికే ఆ మనిషికి నోరు పొయ్యికంటె వేడి.

"ఏం బావా, తాడు చూస్తే పాముని చూసినట్టు జడుస్తావేంటి?"

"నువ్వు ఈటె సరిగ్గా పట్టుకోరా. పొయ్యిలో కర్ర ఎగదోసినట్టు పట్టుకున్నావు."

"నా ఈటె సంగతి సరే. నీ ఎడ్లు మాత్రం చక్రవర్తి గుర్రాలకంటే ముందు పరిగెడతాయా?"

"పరిగెత్తవు. అందుకేగా వీటిని కట్టేది."

లెన్యానో ఊరి దగ్గర పొలాల్లో కాల్బలం శకటం చుట్టూ డాళ్లు ఆనించి, ఈటెలు నిలిపింది. పీఠం దగ్గర పాదిరి ఉబెర్తో ప్రార్థన ముగించీ ముగించకముందే ముందున్న మన అశ్వదళం విరిగింది. రౌతులు శకటం పక్కనుంచి ఇంటిదారి పట్టారు. వెనకనే జర్మను గుర్రాల డెక్కల చప్పుడు నేలలోంచి అరికాళ్లకు తెలిసింది.

శకట రక్షణకు నాయకుడైన మైన్‌ఫ్రెదో గుర్రం మీద వచ్చి ఎడ్ల ముందు నిలిచాడు. మంచి కుటుంబీకుడు, పిరికివాడు కాడు. అయినా ముఖం పాలిపోయింది.

"బండి వెనక్కి తిప్పు. శిలువని మిలాను చేర్చాలి."

అరియాల్డోకు తాత కళ్లముందు మెదిలాడు. ఆయన యువకుడుగా జెరూసలేముకని బయలుదేరిన లొంబార్దుల గుంపుతో తురకల దేశం దాకా నడిచి, సగం పాదంతో తిరిగి వచ్చినవాడు. పునీతుల అవశేషాలు మోసుకొని వెళ్లిన అన్ని వేలమందిలో ఊరు చేరినవారు కొద్దిమందే. తాత యుద్ధం గురించి చెప్పేది కాస్తే. "మమ్మల్ని వాళ్లు ఓడించలేదురా అబ్బీ. ఎవడో ముందు బండ్లు తిప్పాడు. బండ్ల వెనక భాగం కనపడగానే మా కాళ్లు మా మాట వినలేదు," అనేవాడు.

అరియాల్డో సుత్తి తీసుకొని బండి కిందికి వంగాడు. చక్రం జారిపోకుండా ఇరుసు కొనకు దిగగొట్టిన ఇనుప సీలను ఊడదీశాడు. నాలుగు చక్రాలకూ నాలుగు. వెనుక చక్రం దగ్గర డాలు పట్టుకొని నిలిచిన లాన్‌ఫ్రాంకో వీపు మీది సంచిలో వాటిని జారవిడిచి, చేతులు దులుపుకొన్నాడు.

"ఇప్పుడు తిప్పండి దొరా. పదడుగులు పోయేసరికి చక్రాలు ఊడతాయి, శిలువ మట్టిలో పడుతుంది. ఒకసారి పడ్డం చూశాను. రెండోసారి నా ఎడ్లు చూడవు."

"నిన్ను ఇక్కడే నరికినా అడిగేవాడు లేడు, తెలుసా?"

"తెలుసు. నరికినా బండి కదలదు."

మైన్‌ఫ్రెదో కత్తిపిడి మీద చెయ్యి వేశాడు. అప్పుడు పాదిరి ఉబెర్తో గంట తాడు అందుకొన్నాడు. మార్టినెల్లా మోగింది. ఆ నాదానికి ఎడ్లు ఒక్కొక్కటే ముందుకాళ్లు మడిచి, వెనుకకాళ్లు మడిచి, సాలలో మేత కోసం పడుకొన్నట్టే పడుకొన్నాయి. ముందు జతలోని తెల్లది కళ్లు సగం మూసి నెమరు మొదలుపెట్టింది.

డాళ్ల వరుసలో తలలు తిప్పి చూసినవారికి అది కనిపించింది. ఎవడో ముసలి చర్మకారుడు, "ఎద్దులే కూర్చున్నాయిరా, మనం ఎక్కడికి పోతాం," అన్నాడు. వరుస పొడుగునా నవ్వు పాకింది. నవ్వినవారి డాళ్లు ఒకదానికొకటి మరింత దగ్గరగా ఆనుకొన్నాయి.

మైన్‌ఫ్రెదో ఒక్క ఊపున గుర్రం దిగాడు. దాని పిర్ర మీద చరిచి పంపేశాడు. పడి ఉన్న ఈటె ఏరుకొని, లాన్‌ఫ్రాంకో పక్కన చోటు చేసుకొన్నాడు. "జరగవయ్యా," అన్నాడు. రొట్టెలవాడు జరిగాడు.

మధ్యాహ్నం దాకా ఇనుము ఇనుముతో మాట్లాడింది. జర్మను రౌతులు వచ్చారు, తగిలారు, వెనక్కు పోయారు, మళ్లీ వచ్చారు. విసిరిన ఈటె ఒకటి ముందు జతలోని తెల్ల ఎద్దు మెడలో దిగింది. అరియాల్డో దాని తల ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. ఊపిరి ఆగేవరకు అది లేవబోలేదు. గంట మోగుతూనే ఉంది.

చివరికి మిత్రనగరమైన బ్రెషా రౌతులు, వారి వెంట సిగ్గుపడి తిరిగివచ్చిన మన రౌతులు శత్రువుల మీద పక్కనుంచి విరుచుకుపడ్డారు. చక్రవర్తి పతాకం నేలకొరిగింది. ఆ సేన చెల్లాచెదరై అడవుల బాట పట్టింది. కదలని ఒక బండి చుట్టూ నేతగాళ్లు, చర్మకారులు, రొట్టెలవాళ్లు నిలబడి ఉన్నారు.

లాన్‌ఫ్రాంకో నేల మీద కూలబడి రొట్టె కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. ఇనుము తగిలింది.

"బావా, ఇదేంటి? మధ్యలో రెండుసార్లు పారిపోదామనుకున్నాను. సంచి బరువుకి కాళ్లు లేవలేదు. ఇదన్నమాట సంగతి."

"అందుకే నీ దాంట్లో వేశాను," అన్నాడు అరియాల్డో, సీలలు తీసుకొంటూ.

మర్నాడు శకటం మిలాను చేరింది. చచ్చిన ఎద్దు స్థానంలో కాడికి భుజం పట్టినవాడు మైన్‌ఫ్రెదో. ద్వారం దగ్గర నగరమంతా నిలిచి ఉంది. ధ్వజం వంచడానికి తాడు విప్పుతుంటే గుంపులోంచి కేకలు లేచాయి. "ఇవాళ వంచొద్దు. తోరణమే పగలగొట్టండి."

అరియాల్డో చెయ్యెత్తాడు. "కట్టి ఎన్నేళ్లయిందని పగలగొడతారు? ఆ తాడు ఇలా ఇవ్వండి."

లాన్‌ఫ్రాంకో దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు. "బావా, నువ్వే వంచితే ఇక ఆ పేరు నీకు జన్మలో పోదు."

"ఉండనీరా. ఇంటికొచ్చినవాడు గుమ్మం దగ్గర తల వంచడా?"

అతడు తాడు లాగాడు. శిలువ నెమ్మదిగా తోరణం కిందికి, తన సొంత ఊరి గడప మీదికి వంగింది. ఈసారి అతడు ముఖం తిప్పుకోలేదు. లోపల ధ్వజం మళ్లీ నిలబడేవరకు దానివైపే చూశాడు.

ఆ తరువాత ఇరవై ఏళ్లు ఆ సాల అతడే నడిపాడు. దారిన పోయేవారు "వంగుడయ్యా" అని పిలిస్తే, ఉన్నచోటునుంచే "ఊఁ, చెప్పు" అని పలికేవాడు.