కోట ద్వారానికి కట్టిన లెక్క

అయిదేళ్ళ కిందట కడప బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన వంశం తరతరాలుగా వాళ్ళ ఊరి కోటకు కాపలా. వంతెన కోసం కోట రాళ్ళను ఎద్దుల బండ్ల మీద తరలిస్తున్నారు. ఆపమని కడపలో కలెక్టరు దొరకు అర్జీ ఇవ్వడానికి పోతున్నాడు.

"ఇంగ రెండొందల గజాల గోడ ఉండాది. దినానికి పది గజాలు పీకుతాండారు. ఆఖర్న ద్వారం. అర్జీ ఇచ్చినా దొర వచ్చేకి ఇరవై రెండు దినాలు పడతాదంట. అంతలోగా ద్వారమన్నా మిగులుతాదా అప్పా?"

"ఇరవైకే అంతా అయిపోతాది పెద్దాయనా," అన్నాను, వేళ్ళయినా మడవకుండా.

"శానా బిరీన చెప్పినావప్పా," అని నవ్వి, అర్జీ మడిచి జేబులో పెట్టుకుని మైదుకూరులో దిగిపోయాడు.

బస్సు కదిలాక గుర్తొచ్చింది. మా వైపు సోమవారం ఎద్దులకు కాడి కట్టరు. ఇరవై రెండు రోజుల్లో మూడు సోమవారాలైనా వస్తాయి, రాళ్ళు కదిలేది పంతొమ్మిది రోజులే. దొర వచ్చేనాటికి ద్వారం ఉంటుంది.

కిటికీలోంచి కేకేశాను. ఆయన అప్పటికే వెనక్కి పోయే బస్సెక్కుతున్నాడు.