మిద్దె దిగిన మట్టెద్దు

కర్నూల్లో ఆ గ్యాలరీ తలుపు తోయగానే తడిసిన నల్లరేగడి వాసన వచ్చింది. ఏసీ గదిలో ఈ వాసన ఎక్కడిదా అని చూస్తే, హాలు మధ్యలో ఇంకా కాల్చని మట్టిబొమ్మ ఒకటి ఉంది, కాళ్లు చాపుకొని కూర్చున్న ముసలమ్మ. గోడల వెంబడి రాతివి, కంచువి, సిమెంటువి, మా ఉరుకుందక్క నలభై ఏళ్లుగా చేసినవన్నీ వరసగా పెట్టారు. ప్రతిదాని ముందూ ‘తాకరాదు’ అన్న చీటీ. ఆమె తొలి బొమ్మలకు మట్టి తొక్కినదాన్ని నేను, నాకా ఈ చీటీ అని కాస్త కోపం కూడా వచ్చింది.

ఉరుకుందక్క ఆదోని దగ్గర మా ఊళ్లో మా పక్కింటి పిల్ల, నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఏరువాక దాటి మట్టెద్దుల అమావాస్య దగ్గర పడిందంటే, వంక గట్టున మట్టి తవ్వి ఒడిలో మోసుకొచ్చి, రాళ్లేరి, నీళ్లు చల్లి నేను తొక్కుతుంటే ఆమె ఎద్దులు చేసేది. మిగతా పిల్లలం చేసినవి పందుల్లా ఉండేవి. ఆమె ఎద్దులకు మూపురం, గంగడోలు, జొన్నగింజల కళ్లు ఉండేవి. వాళ్ల నాయన జతలో ఎడమ ఎద్దు తల కాస్త వంచి నడిచేది, ఆ వంపు కూడా మట్టిలో దించేది. పెనం మీద బక్ష్యాలు కాలే వాసన వీధంతా కమ్ముకునేది. మా అవ్వ నేతిలో ముంచిన బక్ష్యం ముక్కను ముందు మట్టెద్దుల మూతికి తాకించి, తర్వాత మా నోట్లో పెట్టేది. పూజయ్యాక ఆ జతను మా మట్టిమిద్దె మీద ఉంచేవాళ్లం. మొదటి పెద్దవానకు అవి కరిగి మిద్దెలో కలిసిపోతేనే ఆ ఏడు పంట పండుతుందని అవ్వ నమ్మకం.

అంత అందమైన ఎద్దులు కరిగిపోవడానికి నాకు ప్రాణం ఒప్పేది కాదు. ఎనిమిదేళ్లప్పుడు, తల వంచిన ఎద్దును ఎవరూ చూడకుండా దింపి, జొన్నల మూటల వెనక గూట్లో దాచాను. ఆ ఏడు వాన రాలేదు.

మిద్దె మీద మిగిలిన ఎద్దు ఎండకు బీటలు వారింది. పెద్దవాళ్లు పొద్దున్నే లేచి పడమటి ఆకాశం వైపు చూసేవాళ్లు, నేను గూటి వైపు చూసేదాన్ని. చెప్పడానికి నోరు రాలేదు. ఉరుకుందక్క నాయన ఎద్దుల్ని సంతకు తోలుకుపోయిన రోజు, నా మట్టెద్దును తాగేనీళ్ల కడవలో ముంచి చేత్తో పిసికి కరిగించేశాను. నీళ్లు పాడుచేశానని అవ్వ వీపు మీద చరిచింది. నాలుగు రోజులకు వాళ్లింటికి తాళం పడింది. బెంగళూరులో రాళ్లు చెక్కేచోట వాళ్ల నాయన కూలికి కుదిరాడట, ఆమె ఉలి పట్టింది అక్కడే. మట్టెద్దుకూ వానకూ సంబంధం లేదని పెద్దయ్యాక తెలిసింది గానీ, వాళ్లను ఊరు విడిపించింది నేనేనన్న బాధ మాత్రం పోలేదు.

హాలంతా రెండుసార్లు తిరిగాను. మనుషులున్నారు, మేకలున్నాయి, కాడి ఉంది. ఒక్క ఎద్దూ లేదు.

మూల కుర్చీలో కూర్చున్న ఉరుకుందక్క నన్ను పోల్చుకుంది.

“ఏమ్మే సరోజా, నువ్వూ ముసిల్దానివైతివే.”

పక్కన కూర్చొని, దాచింది మొదలు కరిగించింది దాకా అంతా చెప్పేశాను. ఆమె నా మొహం కేసి వింతగా చూసింది.

“ఏ ఎద్దుమే? నాకు గుర్తే ల్యాదు. మా నాయన ఎద్దుల్ని తోలుకపోతాంటే ఎనకాల ఏడ్చుకుంటా పోయినా, అదొకటే గుర్తుండాది. ఆ పొద్దు నించి ఎద్దును చెయ్యాలంటే చెయ్యి రాదు.”

తేలికపడాల్సిందాన్ని దిగులుపడ్డాను. తిట్టాల్సిన మనిషికే గుర్తు లేకపోతే ఇక నన్ను తిట్టేవాళ్లెవరు? ఆ తల వంచిన మట్టెద్దు తెలిసినదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే మిగిలాను.

ఇంతలో ఆమే అడిగింది. “మన పక్క వానలెట్లుండాయిమే?”

“ఈ నడుమ బాగనే పడతాండాయక్కా,” అన్నాను. “ఎద్దులే ల్యావు. ఊరంతా ఎతికినా ఒక్క జత ల్యాదు.”