చిప్పకు బెజ్జం

నా చిన్నప్పుడు, అరవయ్యో దశకం మొదట్లో, వాకాడు దగ్గర మా సముద్రపొడ్డు పల్లెలో ఆడపిల్లలమంతా ఆల్చిప్పల దండలు వేసుకునేవాళ్లం. కొన్ని చిప్పలకు ముందే గుండ్రటి బెజ్జం ఉండేది. మేం దారం ఎక్కించుకోవడానికే దేవుడు పెట్టాడని నమ్మేదాన్ని.

ఆ రోజుల్లోనే పక్క ఊరి బడిలో చేరాను. మొదటి రోజే అయ్యవారు నన్ను వెనక గోడ దగ్గర కూర్చోమన్నారు. నీచు వాసనట. అక్కణ్నుంచి నల్లబల్ల కనపడదు, పాఠం సగమే వినపడుతుంది. పది రోజులు చూసి, ఇక బడికి పోనని ఇంట్లో చెప్పేశాను. అమ్మ సరేనంది. ఎండుచేపలు తిరగేయడానికి ఇంకో చెయ్యి దొరికింది కదా.

మా అవ్వ మాత్రం ఊరుకోలేదు. అలాగని ఓదార్చనూ లేదు. తడి ఇసుకలో తవ్వి గోళీకాయంత నత్తను పట్టుకొచ్చింది. పసుపు, ఊదా చారలతో ఎంత ముద్దుగా ఉందో. మట్టి దాకలో ఇసుక, సముద్రపు నీళ్లు పోసి, దాన్నీ, దానికంటే పెద్ద ఆల్చిప్పనూ ప్రాణంతోనే అందులో వేసింది. నన్ను కాపలా పెట్టింది. చిప్ప గట్టిగా మూసుకుంది. నత్త దాన్ని కరుచుకుని కదల్లేదు. పొద్దుగూకినా అంతే. మర్నాడు మధ్యాహ్నానికి చిప్ప తెరుచుకుని ఉంది, లోపల ఏమీ లేదు. పైన గుండ్రటి బెజ్జం.

"దేవుడు పెట్టినాడంటివి గదా. చూసినావా ఎవురు పెట్టినారో? ఈ నత్త ఒళ్లంతా మెత్తనే. నాలికతో గీకి గీకి తొలిచి, లోపలిదంతా తినేసింది. నువ్వేందిమే, పది దినాలకే లేచొచ్చినావు?" అంది అవ్వ.

నాకు కోపం వచ్చింది, అవ్వ మీద కాదు. మర్నాడు తిన్నగా ముందు వరుసలో కూర్చున్నాను. అయ్యవారు చెవి మెలిపెట్టి వెనక్కి పంపారు. ఆ మర్నాడు మళ్లీ ముందే కూర్చున్నాను. ఈసారి బెత్తం. పక్కనున్న పిల్ల భయపడి జరిగింది, నేను జరగలేదు. అరచేతులు వాచి అన్నం కలుపుకోలేకపోతే అవ్వ ముద్దలు పెట్టింది, బడి మానుకోమని మాత్రం అనలేదు. అలా ఎన్నాళ్లు గడిచాయో. ఒక ఉదయం అయ్యవారు నన్ను చూసి, ఏమీ అనకుండా నల్లబల్ల వైపు తిరిగారు. ఆ రోజు భాగహారాలు చెప్పారు. ఒక్క అంకె వదలకుండా రాసుకున్నాను.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. పెళ్లికెళ్లినా, మీటింగుకెళ్లినా ముందు వరుసలోనే కూర్చుంటాను. పెద్దవాళ్లొస్తారు, కాస్త వెనక్కి వెళ్లండమ్మా అని ఎవరో ఒకరు వచ్చి అంటారు. రానివ్వండి నాయనా, నా పక్కన చోటుంది అంటాను.