పైపులో నిలిచిపోయిన చన్నీళ్లు

మా ఆయనకు పక్షవాతం వచ్చిన ఏడాది బస్తరు ఇనప గనుల ఊరు బచేలిలో చలి ముందుగానే మొదలైంది. దీపాలు పెట్టే వేళకే కొండ మీది మంచు వీధిలోకి దిగేది. పొద్దున్న నేను బడికి బయల్దేరేటప్పటికి కూడా కదిలేది కాదు.

ఆయన గనిలో పంపుల ఫిట్టరు. తవ్విన గోతుల్లో చేరిన వాన నీటిని బయటికి తోడే పెద్ద పంపులు ఆయన చేతి కింద ఉండేవి. మేమిద్దరం శ్రీకాకుళం వైపు వాళ్లం. పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి కంపెనీ క్వార్టర్లోనే ఇన్నేళ్లూ గడిపాం. పిల్లలు లేరు. నేను ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో హిందీ చెబుతాను. ఒక ఉదయం టీ గ్లాసు ఆయన ఎడమ చేతిలోంచి జారి పడింది. "సెయ్యి మొద్దుబారిపోయిందే" అన్నారు, ఆశ్చర్యపోతున్నట్టుగా. ఆ తర్వాత చాలా నెలల వరకు ఆయన నోట అంత స్పష్టమైన మాట రాలేదు.

ఉద్యోగం చేయలేని స్థితిలో క్వార్టరు వదిలి, టౌన్‌షిప్ బయట ఒక పాత పొడుగాటి ఇంట్లో అద్దెకు దిగాం. ముందు గదులకు పెంకుల కప్పు. వెనక వంటింటికి మాత్రం స్లాబు. బాత్రూము పెరట్లో, మెట్లు దిగితే గాని చేరలేని చోట ఉండేది. ఆయన మెట్లు దిగలేరు. ఇంటి యజమాని మంచివాడు. అడగగానే ఒప్పుకుని వరండాలో ఒక మూలకు గోడ కట్టించి, ఆయన గదిని ఆనుకునే చిన్న బాత్రూము చేయించాడు. వంటింటి స్లాబు మీద సోలార్ హీటరు ముందే ఉంది. దాని నుంచి ఇనప పైపు ఒకటి బయటి గోడ వెంబడి ఇంటి పొడుగునా లాగి ముందు బాత్రూముకు కలిపారు. అక్కడే ఒక గీజరు పెట్టించుకోవచ్చు కదా అని చూసినవాళ్లందరూ అన్నారు. ముందు గదుల వైరింగు పాతది, అంత లోడు మోయదు. పైగా చలికాలం పొద్దుటి పూట ఇక్కడి కరెంటును నమ్ముకుని ఏ పనీ పెట్టుకోలేం.

వేడి నీళ్లు స్లాబు మీద ఉన్నాయి. కాని రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు మంచులా చల్లబడి ఉండేవి. కొళాయి తిప్పితే ముందు వచ్చేవి అవే. ఆయన తువ్వాలు చుట్టుకుని స్టూలు మీద కూర్చునేవారు. నేను కొళాయి కింద చెయ్యి పెట్టి, బకెట్ మార్చి బకెట్ నింపుతూ, వేడి ఎప్పుడు తగులుతుందా అని నిలబడేదాన్ని. ఆయన కుడి భుజం వణుకుతూ ఉండేది. ఎడమ భుజం వణికేది కాదు. ఎలాగో వేడి నీళ్లు వచ్చాక కొంచెం పోసి, కొళాయి కట్టేసి సబ్బు రాయడం మొదలుపెట్టేదాన్ని. ఆయనతో ఏ పనీ గబగబా చేయడానికి వీల్లేదు. సబ్బు అయ్యేసరికి బయటి గోడ మీది ఆ ఇనప పైపు మళ్లీ చల్లబడిపోయేది.

ఒకరోజు బడికి ఆలస్యమవుతోందని చెయ్యి పెట్టి చూడకుండానే కొళాయి తిప్పి, చెంబుతో పట్టి పోసేశాను. చన్నీళ్లు కుడి వైపు వీపు మీద పడ్డాయి. ఆయన ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుపోయింది, ఊపిరి అందలేదు. స్టూలు జారింది. నేను నడుము పట్టుకుని ఆపాను గాని ఇద్దరం గోడకు కొట్టుకున్నాం. తేరుకున్నాక ఆయన నా మొహం చూడలేదు. "ఒద్దు" అన్నారు. ఆ రోజుల్లో ఆయన నోట తిన్నగా పలికే మాట అదొక్కటే.

ఆ తర్వాత స్నానం అంటే ఒద్దు. వంటింట్లోంచి వేడి నీళ్లు బకెట్లతో మోసుకొస్తే, నేను నడుము పట్టుకుని వంగడం చూసి అదీ ఒద్దన్నారు. తడిగుడ్డతో ఒళ్లు తుడిచేదాన్ని. అలా ఎన్నాళ్లని? గదిలోకి వచ్చినవాళ్లకు వాసన తెలిసేది. వాళ్లకు తెలిసిందని ఆయనకు తెలిసేది. ఎవరైనా వస్తున్న చప్పుడైతే గోడ వైపు తిరిగి పడుకునేవారు. గనిలో ఆయనతో పనిచేసిన వాళ్లు రావడం తగ్గించారు. నేను వాళ్లను తప్పుపట్టలేదు.

వంటింటి సింకు కారుతోందని ఒక ఆదివారం ప్లంబరును పిలిచాను. భోపాల్‌పట్నం మనిషి, తెలంగాణ సరిహద్దు వైపు వాడు, ఇక్కడి అమ్మాయిని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. సింకు బాగుచేసి, సబ్బుతో చేతులు కడుక్కోడానికి వరండా బాత్రూములోకి వెళ్లి, వరుసగా నిండి ఉన్న బకెట్లు చూసి ఆగిపోయాడు.

"ఏంది అక్కా, ఇన్ని బకెట్లు నింపి పెట్టిన్రు? నీళ్లు వస్తలేవా?"

"వస్తున్నాయి తమ్ముడూ. ఒళ్లు తుడిచేందుకు వేడి నీళ్లు వచ్చేలోగా పోయే చన్నీళ్లవి. పారబోయలేక పట్టి పెడతాను."

అతను బయటికి వెళ్లి పైపు ఇంటి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి వచ్చి మా ఆయన గది గుమ్మంలో నిలబడ్డాడు. "గింత పొడుగు పైపు, పైన గుడ్డ ముక్క సుత చుట్టలే. చల్లగ కాక ఏమైతది? జగదల్‌పూర్ల ఒక హోటల్ల పనిచేసిన నేను. ఆడ ఇంకో పైపు ఏస్తరు. ఈ కొళాయి కాడ నుంచి మళ్ల ట్యాంకు దాక. నడుమ చిన్న పంపు. స్విచ్చు ఏస్తే పైపుల ఉన్న చన్నీళ్లు ఆ దారిన ట్యాంకులకు పోతయ్, వాటెనక వేన్నీళ్లు కొళాయి కాడికొచ్చి నిలబడ్తయ్. అప్పుడు తిప్పుకునుడే. చుక్క వేస్ట్ గాదు."

"ఆగి మళ్లీ తిప్పితే?"

"మళ్ల స్విచ్చు ఏసుకో. గంతే. గీజరు లెక్క లోడు ఉండది, కరెంటు పోయినా చిన్న ఇన్వర్టరు మీద నడుస్తది."

అప్పుడు మంచం కిర్రుమంది. గోడ వైపు తిరిగి ఉన్న మా ఆయన ఇటు తిరిగారు. ప్లంబరును కాదు, అతని చేతులను చూస్తున్నారు. పైపు ఎటు నుంచి ఎటు పోతుందో అతను చేతులతో గాల్లో చూపిస్తున్నాడు. ఆయన కళ్లు ఆ చేతుల వెంట తిరగడం నేను చూశాను.

మొదట బజారులో దొరికిన పంపుతోనే పని కానిద్దామనుకున్నాం. కూలరులో నీళ్లు తిప్పే ప్లాస్టిక్ పంపు. పైపు వేయకముందు ప్లంబరు దాన్ని వేడి నీళ్ల బకెట్లో పెట్టి చూశాడు, కాసేపు తిరిగింది. వేడి నీళ్లకు దాని ఒళ్లు మెత్తబడి వంకరపోయి ఆగిపోయింది. ప్లంబరు మొహం చిన్నబోయింది. "అన్నా, ఇది నా తప్పే" అన్నాడు మంచం దగ్గర నిలబడి. ఆయన తల అడ్డంగా ఊపి, కుడి చేత్తో ఆ పంపును ఇమ్మని సైగ చేశారు. చాలాసేపు ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు.

వేడి నీళ్లకు తట్టుకునే ఇత్తడి పంపు కోసం మా మరిదికి ఫోన్ చేశాను. ఆయన తమ్ముడు విశాఖలో రైల్వే ఉద్యోగి. మా ఊరి మీదుగా పోయే కిరండూల్ రైలెక్కి తనే తెచ్చాడు. వచ్చీ రాగానే అన్నయ్య మంచం పక్కన కూర్చుని సంచిలోంచి తీసి చేతిలో పెట్టాడు. ఆయన బరువు చూసి కళ్లతోనే సరే అన్నారు.

ప్లంబరు మళ్లీ వచ్చాడు. తిరుగు పైపు వేసి, బాత్రూము గోడకు పంపు బిగించి, నీళ్లు వెనక్కి రాకుండా ఒక వాల్వు పెట్టి, స్టూలు మీద కూర్చున్న మనిషికి అందేంత ఎత్తులో స్విచ్చు బిగించాడు. స్విచ్చు వేశాడు. పంపు గరగరమంది. పైపు పట్టుకు చూస్తే చల్లగానే ఉంది. ఆపి మళ్లీ వేశాడు. అదే గరగర.

గదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది. పరుగెత్తాను.

"గాలి" అన్నారు.

ఎన్ని నెలలైందో ఆయన నోట కొత్త మాట వినక. ఉక్కగా ఉందేమో అనుకుని, ఆ చలిలో, పరుగున వెళ్లి ఫ్యాను వేశాను. ఆయన కోపంగా తల అటూ ఇటూ కొట్టుకున్నారు. "గాలి... గాలి!" మరిది వచ్చి కిటికీ తలుపులు తీశాడు. ఆయన కుడి చెయ్యి మంచం మీద గట్టిగా కొట్టి బాత్రూము వైపు చూపించారు.

గుమ్మంలో నిలబడ్డ ప్లంబరుకు అర్థమైంది. "గాలి పట్టిందంటున్నవా అన్నా? పైపుల?"

ఆయన కళ్లు మూసుకుని తెరిచారు. తర్వాత వేలు పైకెత్తి గుమ్మం పైభాగాన్ని చూపించారు. తిరుగు పైపు గుమ్మం దాటడానికి అక్కడ పైకెక్కి మళ్లీ కిందికి దిగుతుంది. ఆ ఎత్తులో గాలి చేరి నీటిని కదలనివ్వడం లేదు. ప్లంబరు అక్కడ పైపు కోసి చిన్న కొళాయి ఒకటి పెట్టి తెరిచాడు. బుస్సుమని గాలి, దాంతోపాటు తుంపర్లు అతని మొహం మీదికి వచ్చాయి. కాసేపటికి సన్నటి ధార పడింది. కొళాయి కట్టి మళ్లీ స్విచ్చు వేశాడు. ఈసారి గరగర లేదు. లోపల ఎక్కడో తేనెటీగ ఉన్నట్టు సన్నటి చప్పుడు.

మా ఆయన కళ్లు మూసుకుని విన్నారు. పెదవులు కూడదీసుకున్నారు.

"ఇప్పుడు... తాగతంది."

పంపు నీళ్లు అందుకుంటే ఆయన అలాగే అనేవారు, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో కూడా. మరిది బయటికి వెళ్లిపోయి వరండాలో నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని వీపు చూస్తే తెలిసింది. నేను పైపు మీద చెయ్యి వేశాను. వేడెక్కుతోంది.

మర్నాడు పొద్దున్న ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాక, నేను చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటుంటే ఆయన తలుపు వైపు చూపించారు.

"నువ్వు... బయిటికి."

"పడిపోతే?"

"ఎల్లు."

తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాను. లోపల స్విచ్చు టక్కుమంది. తేనెటీగ చప్పుడు. మళ్లీ టక్కు. నీళ్లు పడుతున్న చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. సబ్బు రాసుకుంటున్నారని నాకు నేనే చెప్పుకున్నాను. తలుపు మీద చెయ్యి పెట్టి, తోయకుండా ఆగాను. చాలాసేపటికి మళ్లీ స్విచ్చు, మళ్లీ నీళ్లు. కెవ్వుమనలేదు. ఊపిరి బిగపట్టిన చప్పుడు కూడా లేదు. బడికి ఆలస్యమైంది. కానివ్వు అనుకున్నాను.

పిలిచాక లోపలికి వెళ్లాను. ఆయన ఒంటి నుంచి ఆవిరి లేస్తోంది. చెవి వెనక సబ్బు నురగ అలాగే ఉంది. నేను చెప్పలేదు, తుడవలేదు.

ఆ రోజు నుంచి ఆయన స్నానం ఆయనదే. మాటలు కూడా కొద్దికొద్దిగా తిరిగి వచ్చాయి, విరిగిపోయినవే అయినా. పైపు చల్లబడకుండా ఫోము తొడుగు చుట్టాలని పట్టుబట్టారు. వరండాలో కుర్చీ వేయించుకుని, ఒక కొస నన్ను పట్టుకోమని, రెండో కొస ఒంటి చేత్తో చుట్టేవారు. నేను వదులుగా పట్టుకుంటే కసిరేవారు. "గట్టిగా పట్టే! ఏటా పట్టుకోడం?" ఇన్ని నెలల తర్వాత ఆయన చేత తిట్లు తింటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గని మిత్రులు మళ్లీ రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లందరికీ స్విచ్చు వేసి, పైపు మీద చెయ్యి పెట్టించి చూపించేవారు.

రెండు చలికాలాలు అలా గడిచాయి. ఆ తర్వాతి వానల్లో ఆయనకు రెండోసారి వచ్చింది. జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ కళ్లు తెరవకుండానే పోయారు. మరిది రాత్రి రైలుకు బయల్దేరి వచ్చేసరికి ఆయన్ని ఇంటికి తెచ్చేశాం.

స్నానం చేయించడానికి వాకిట్లో బల్ల వేశారు. మరిది బోరు దగ్గర నుంచి డ్రమ్ము నింపించాడు. నేను వద్దన్నాను. లోపలి నుంచి పట్టి తెస్తాను, కాస్త ఆగండి అన్నాను.

"ఒదినా" అన్నాడు మరిది, మెల్లగా. "ఇప్పుడు ఏడైనా సల్లనైనా అన్నయ్యకు తెలీదు గదా."

"తెలీదని నాకూ తెలుసు బాబూ."

నేను లోపలికి వెళ్లి స్విచ్చు వేశాను. పైపు వెచ్చబడేదాకా దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. వాకిట్లో అంతమంది ఉన్నారు గాని ఒక్కరూ తొందరపెట్టలేదు. ముసురుకు ట్యాంకులో నీళ్లు పూర్తిగా కాగలేదు, గోరువెచ్చగా ఉన్నాయి. బకెట్లు నింపి ఇచ్చాను. మరిదే పోశాడు. అన్నయ్య కుడి వైపు వచ్చినప్పుడు ముందు తన చేతి మీద ఒంపుకుని చూసుకున్నాడు.

కర్మలన్నీ అయ్యాక మరిది ఊరు వచ్చేయమన్నాడు. వస్తాను, ఇప్పుడు కాదు అన్నాను. నాకు బడి ఉంది. ఈ ఊళ్లో నన్ను టీచరమ్మా అని పిలిచే పిల్లలు మూడు నాలుగు భాషల వాళ్లున్నారు. ఊరెళితే నేను ఏం చేయాలి?

వరండా బాత్రూము తలుపు కొన్నాళ్లు తీయలేదు. నేను ఎప్పటిలాగే పెరట్లోకి దిగి స్నానం చేసేదాన్ని. ఒకరోజు ప్లంబరు అటుగా పోతూ పలకరించడానికి ఆగాడు. ఇన్నాళ్లు పంపు వేయలేదని తెలిసి బాధపడ్డాడు. "ఊకె ఉంచితే జామైపోతది అక్కా. అన్న ఉంటే తిడ్తుండె నిన్ను" అన్నాడు. తనే లోపలికి వెళ్లి స్విచ్చు వేశాడు. పంపు ఒక క్షణం మూలిగి తిరిగింది.

అప్పటి నుంచి నేను అక్కడే స్నానం చేస్తున్నాను. స్టూలు తీయలేదు. దాని మీదే కూర్చుంటాను, ఎందుకంటే స్విచ్చు కూర్చున్న మనిషి ఎత్తుకే ఉంది. స్విచ్చు వేసి కాసేపు ఆగుతాను. నీళ్లు వస్తాయి. స్నానం చేసి, జడ వేసుకుని, మంచులో బడికి వెళతాను.