మధ్య పెట్టె లేని కబురు

బొగ్గుబాయిలో గ్యాస్‌ను కనిపెట్టే యంత్రానిది ఒక రకం రేడియో. మనిషి టోపీ మీది ల్యాంపులో ఉండేది ఇంకో రకం. ఒకదాని మాట ఒకదానికి అందదు. అలిగిన అత్తాకోడళ్లు పక్కింటావిడతో కబురు చెప్పించుకున్నట్టు, రెంటికీ నడుమ ఒక పెట్టె ఉండి తర్జుమా చెయ్యాలి. గోదావరిఖని దగ్గర మా బాయిలో ఆ మహాతల్లి వారానికోసారి మూగబోయేది.

అప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. యంత్రమే తన సిగ్నల్‌ను ల్యాంపుకు అర్థమయ్యేలా మలిచి నేరుగా పంపుతుంది. గ్యాస్ పెరిగితే ల్యాంపు మినుకుమినుకుమంటుంది. ఆ మినుకు ఆలోచన నాదే. పరీక్షకు ఎవరూ ముందుకు రాకపోతే, ఇరవై ఏళ్లుగా బొగ్గు తీస్తున్న మా బావను, అంటే మా అక్క భర్తను, బతిమాలాను.

"నీ కోసం పెట్టుకుంట తియ్యి. మరి నేనేం చెయ్యాలె?" అన్నాడు.

"ఏం చెయ్యకు బావా. గ్యాస్ వస్తే దీపమే చెప్తది" అన్నాను గొప్పగా.

మొదటి షిఫ్టు. నేను పైన కంట్రోల్ రూములో తెర ముందు కూర్చున్నాను. కింద బావ, ఇంకో ఇద్దరు. గ్యాస్ చూసే సర్దారు వేరే పక్కకు వెళ్లాడు. పదకొండు దాటాక వాళ్లకు గాలి పంపే ఫ్యాను ఆగిపోయింది. గ్యాస్ అంకె ఎక్కసాగింది. ల్యాంపుకు కబురు అందిందని తెర మీద పడింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నాకు సంతోషమేసింది.

కానీ బావ ల్యాంపు ఎక్కడుందో తెర మీద చూపే చుక్క కదల్లేదు. అంకె ఎక్కుతూనే ఉంది. ఇంకాస్త పెరిగితే ఒక్క నిప్పురవ్వ చాలు. మళ్లీ కబురు అందింది. చుక్క అక్కడే ఉంది. కింద జంక్షన్ ఫోనుకు కొట్టాను. మోగీ మోగీ ఆగింది. మళ్లీ కొట్టాను. చివరికి బొగ్గు తొట్లు లాగే ఇంజను కాడి పెద్దాయన ఎత్తాడు.

"కాకా, గ్యాస్ పెరిగింది! మా బావోళ్లను జల్ది బయటికి తోలుకరా!"

"పోతున్న, పోతున్న!" ఫోను వదిలేసి ఆయన పరుగెత్తిన చప్పుడు వినిపించింది. ఎంతసేపు చెవికి ఆనించుకుని నిలబడ్డానో తెలియదు. చుక్క కదిలింది.

బావ పైకి రాగానే నా భయమంతా కోపమైంది. అందరి ముందే అరిచాను. "దీపం గంతగనం కొట్టుకుంటుంటే కనవడలేదా బావా?"

"కనవడ్డది. ఛార్జింగు అయిపోతుందనుకున్న. పెద్ద బల్బు ఆపి చిన్నది ఏసుకున్న. ఎప్పుడు చేసేది గదే గద?"

నిజమే. మా బాయిలో దీపం మినుకుమంటే ఎవరూ వెంటనే బయటికి రారు. చిన్న బల్బు వేసుకుని చేతిలో పని ముగిస్తారు. ల్యాంపు రూములో పదేళ్లు చేసిన నాకు అది తెలియదా? రేడియోల మధ్య మాట కలిపే సంబరంలో పడి, దీపం ఏమని చెబుతుందో బావకు చెప్పనేలేదు.

"తప్పు నాదే బావా" అన్నాను.

బావ ల్యాంపు విప్పి నా చేతిలో పెట్టాడు. "దీపం ఆరి చీకటైతది, బయటికి పోదామని వాళ్లిద్దరు ఎప్పుడో అన్నరు. నేనే ఆపిన. మా బామ్మర్ది ఇచ్చిన దీపం, ఇంకో గంటకు ఫికర్ లేదని చెప్పిన."